‘ఎంటర్ ఎన్’ అంటే ఏం ఎంటర్ చేయాలె?

మన ఇళ్లలో ఇప్పుడు పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ డిప్లొమా చేసే పిల్ల, బీటెక్ సీఎస్ఈలో చేరిన పిల్లగాడు మామూలైపోయారు. తాలీమ్ కోసం వాలిదైన్ పొలం అమ్మారు, చిట్టీ పాడారు, కొందరు గల్ఫ్‌లో ఇంకో రెండేళ్లు ఎక్కువ ఉన్నారు. ఆ పిల్లలు మొదటి సంవత్సరం నేర్చుకునే జుబాన్ సి. ఆ సి చదువులో ఉన్న ఒక కమీ గురించి రాస్తున్నాను. సిలబస్‌లో దానికి ఒక పేజీ ఉంటే ఎక్కువ, పరీక్షలో అయితే సవాలే రాదు. ప్రోగ్రాముకు హుకుం ఎలా ఇవ్వాలి, ఆ హుకుం ఎలా ఇవ్వాలో ప్రోగ్రామే మనిషికి ఎలా చెప్పాలి అన్నదే ఆ సంగతి. ఇంగ్లిష్‌లో దీన్ని కమాండ్ లైన్ ఆప్షన్లు, హెల్ప్ మెసేజ్ అంటారు.

ఎల్దుర్తిలో మా బంధువుల అమ్మాయి డిప్లొమా చదువుతోంది. వాళ్ల మామూ వ్యవసాయం చేస్తాడు. ఊళ్లో నలుగురైదుగురు రైతుల వడ్ల హిసాబ్ కూడా ఆయనే రాసి పెడతాడు. ఎన్ని బస్తాలు, ఒక్కో బస్తా ఎంత తూగింది, తరుగు ఎంత, రేటు ఎంత, మొత్తం ఎన్ని రూపాయలు. అమ్మాయి ఆయన కోసం సి లో ప్రోగ్రాము రాసింది. హిసాబ్ సరిగ్గానే చేస్తుంది. లేకిన్ నడిపిస్తే నల్లటి తెర మీద ఇంగ్లిష్‌లో ఒకే ముక్క వస్తుంది: ‘ఎంటర్ ఎన్’. ఎన్ అంటే బస్తాలని ఆ పిల్లకు తెలుసు. ఒక అంకె కొడితే ‘ఎంటర్ డబ్ల్యు’. ఇంకోటి కొడితే ‘ఎంటర్ టి’. మామూ అడిగాడు: “క్యా పూఛ్రా బేటీ ఇనే? ఏం ఎంటర్ చేయాలె?” పక్కన అమ్మాయి కూర్చుంటేనే ఆ ప్రోగ్రాము నడుస్తుంది. ఆమె హాస్టల్‌కు వెళ్లిన మరునాటి నుంచి మళ్లీ నోటుబుక్కు, బాల్‌పెన్ను.

ఇది ఆ అమ్మాయి గల్తీ అని నేను అనను. ఆమెకు నేర్పింది అంతే. మన కాలేజీల్లో చాలాచోట్ల ఇంకా ఆ నీలం తెర టర్బో సి నడుస్తోంది. 1990ల మొదట్లో వచ్చిన సామాను అది, ఇప్పటి కంప్యూటర్లలో దాన్ని డాస్‌బాక్స్ అనే ఉయ్యాలలో పడుకోబెట్టి నడిపిస్తారు. అందులో నేర్చుకున్న పిల్లలకు ప్రోగ్రామంటే మొదట తెర తుడవాలి, తర్వాత ప్రింట్‌ఎఫ్‌తో సవాల్ అడగాలి, స్కాన్‌ఎఫ్‌తో జవాబు తీసుకోవాలి, చివర గెట్‌చ్‌తో తెరను ఆపాలి. అడ్మిషన్ ఫారం నింపే క్లర్కు లాగా ఒక్కొక్కటే అడుగుతూ పోతుంది. అసలు సి లో మెయిన్ అనే ఫంక్షన్ ఇంటి దర్వాజా లాంటిది. ఆ దర్వాజాకు రెండు గడియలు ఉంటాయి: ఆర్గ్‌సి, ఆర్గ్‌వి. ప్రోగ్రామును పిలిచేటప్పుడు పేరు వెనక మనం ఏం రాసినా ఆ మాటలన్నీ విడివిడిగా ఆర్గ్‌విలోకి వస్తాయి. ఎన్ని మాటలు వచ్చాయో ఆర్గ్‌సి చెబుతుంది. మొదటి మాట ప్రోగ్రాము సొంత పేరే. తమాషా ఏమిటంటే టర్బో సి మెనూలో కూడా ఆర్గ్యుమెంట్స్ అని ఒక గది ఉంది. నేను చూసిన ల్యాబుల్లో దాన్ని తెరిచినవాళ్లు లేరు.

ఈ పద్ధతిలో మామూ ప్రోగ్రామును ఇలా పిలవొచ్చు: ధాన్యం -బి 120 -డబ్ల్యు 41 -టి 1 -ఆర్ 2389. (కీబోర్డు మీద ఇవన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాలే. ఇక్కడ మన లిపిలో రాస్తున్నాను.) బి అంటే బస్తాలు, డబ్ల్యు అంటే వజన్, టి అంటే తరుగు, ఆర్ అంటే రేటు. ఒక్కో అంకె ముందు దాని పేరు ఉంది కాబట్టి ముందూ వెనకా అయినా ఫరక్ పడదు. ‘మూడో సవాల్‌కు ఇచ్చిన జవాబు రెండోదానికి పడింది’ అన్న గొడవ ఉండదు. ఈ వరుసను కాగితం మీద రాసుకుని రేపు మళ్లీ కొట్టొచ్చు. ముప్పై మంది రైతులుంటే ముప్పై వరుసలు ఒక ఫైలులో పెట్టి ఒక్కసారే నడిపించి చాయ్ తాగి రావొచ్చు. సవాళ్లడిగే ప్రోగ్రాము ముందు ముప్పైసార్లు మనిషి కూర్చోవాలి.

ఆ మాటల్లోంచి ఏది ఆప్షను, ఏది దాని విలువ అని ఏరడం చేత్తో రాసుకుంటే చిరాకు పని. అందుకే ఆ పనికి గెట్‌ఆప్ట్ అనే ఫంక్షన్ ఉంది. అమెరికాలో ఏటీ అండ్ టీ కంపెనీ యూనిక్స్ నుంచి వచ్చింది. 1985లో డాలస్‌లో జరిగిన యూనిఫోరమ్ సభలో ఆ కంపెనీ దాని కోడును ఎవరైనా వాడుకోవచ్చని అందరికీ ఇచ్చేసింది. తర్వాత పోసిక్స్ ప్రమాణంలో చేరింది. వాడటం చాలా సాదా. ఏ అక్షరాలు ఒప్పుకుంటావో ఒక వరుసలో రాసి ఇస్తావు, వెనక విలువ రావాల్సిన అక్షరం పక్కన కోలన్ పెడతావు. మామూ లెక్కలో బి, డబ్ల్యు, టి, ఆర్ నాలుగింటికీ కోలన్ ఉంటుంది, హెచ్‌కు ఉండదు. ఆ తర్వాత ఒక లూపు. ప్రతి చుట్టుకు గెట్‌ఆప్ట్ ఒక అక్షరం ఇస్తుంది, దాని విలువ ఆప్ట్‌ఆర్గ్‌లో దొరుకుతుంది. అయిపోతే మైనస్ ఒకటి ఇస్తుంది. గ్నూ వాళ్లు దీన్ని పెంచి గెట్‌ఆప్ట్_లాంగ్ చేశారు. దాంతో -బి బదులు --బస్తాలు అని పూర్తి లఫ్జ్ రాయొచ్చు. టర్బో సి లో ఈ రెండూ లేవు, అందుకే మన పిల్లలు వీటి పేరు కూడా వినకుండానే సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. లినక్స్‌లో ఉచితంగా ఉంటాయి.

నేను ఉర్దూ మీడియం బడి, తెలుగు డిగ్రీవాణ్ణి, ఇంజనీరును కాను. పత్రికల డెస్కులో పనిచేస్తూ పాత తెలుగు ఫాంట్లలో ఉన్న వార్తలను యూనికోడ్‌లోకి మార్చే చిన్న చిన్న ప్రోగ్రాములతో కుస్తీ పట్టి ఇదంతా నేర్చుకున్నాను. ఒకాయన రాసిన కన్వర్టరు ఉండేది. ఏ ఫైలు ముందు ఇవ్వాలి, ఏది వెనక ఇవ్వాలి అన్నది దానికి, దాన్ని రాసినాయనకు తప్ప దునియాలో ఎవరికీ తెలియదు. తలకిందులుగా ఇస్తే ఖాళీ ఫైలును మార్చి అసలు వార్త మీద పోసేది. హెల్ప్ అని కొడితే ‘హెల్ప్’ అనే ఫైలు లేదనేది! అప్పటి నుంచి ఏ కొత్త ప్రోగ్రాము చేతికొచ్చినా మొదట --హెల్ప్ కొట్టి చూడటం నాకు ఆదత్ అయింది. అది ఏం జవాబిస్తుందో చూస్తే రాసినవాడి తెహజీబ్ తెలిసిపోతుంది.

హెల్ప్ మెసేజ్‌ను అందరూ చివర రాస్తారు, అదీ రాస్తే. మొదట రాయాలని నా పట్టు. కోడు మొత్తంలో కంప్యూటర్ కోసం గాక మనిషి కోసం రాసే ముక్క అదొక్కటే. మామూ ప్రోగ్రాముకు నేనైతే ఇలా రాస్తాను:

వాడుక: ధాన్యం -బి బస్తాలు -డబ్ల్యు వజన్ -ఆర్ రేటు [-టి తరుగు]
బస్తాల లెక్క తీసుకుని రావాల్సిన రూపాయలు చెబుతుంది.
-బి ఎన్ని బస్తాలు
-డబ్ల్యు ఒక్కో బస్తా కాంటా మీద ఎన్ని కిలోలు తూగింది
-టి తరుగు: ఒక్కో బస్తాకు ఎన్ని కిలోలు తీసేయాలి. ఇవ్వకపోతే సున్నా అనుకుంటుంది
-ఆర్ క్వింటాలు రేటు, రూపాయల్లో. తప్పకుండా ఇవ్వాలి
-హెచ్ ఈ కాగితం చూపిస్తుంది
ఉదాహరణ: ధాన్యం -బి 120 -డబ్ల్యు 41 -టి 1 -ఆర్ 2389
జవాబు: 1,14,672 రూపాయలు

ఇందులో తరుగు దగ్గర ‘ఒక్కో బస్తాకు’ అన్న ముక్క చూడండి. తెలంగాణలో వడ్లు అమ్మే ప్రతి ఇంట్లో తరుగు మీద గొడవ ఉంటుంది. 41 కిలోలు తూచి 40 రాశారని, ఇంకా ఎక్కువ తీశారని. ఆ ప్రోగ్రాములో ‘తరుగు, కిలోల్లో’ అని మాత్రమే రాసి ఉంటే మామూ 1 అని కొడితే అది బస్తాకు ఒకటా, మొత్తానికి ఒకటా? బస్తాకు ఒక కిలో అయితే 120 బస్తాలకు 4,800 కిలోలు మిగులుతాయి. 2025-26కు గ్రేడ్ ఎ వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు కాబట్టి 1,14,672 వస్తుంది. అదే మొత్తానికి ఒక కిలో అని ప్రోగ్రాము అర్థం చేసుకుంటే 1,17,514 చూపిస్తుంది. తేడా 2,842 రూపాయలు. రైతు తెర మీద పెద్ద అంకె చూస్తాడు, ఖాతాలో చిన్నది పడుతుంది, కేంద్రం దగ్గరకు వెళ్లి కొట్లాటకు దిగుతాడు. కొట్లాట నిజంగా అవసరమైన చోటు వేరే ఉండొచ్చు, ఇక్కడ మాత్రం దానికి వజహ్ ఒక పిల్ల రాయని రెండు లఫ్జులు.

రేటు సంగతీ అంతే. ప్రోగ్రాములోనే రేటు పాతేసి, ఇవ్వకపోతే దాన్నే వాడుకోవడం పిల్లలకు సులువు. 2024-25లో రాసిన ప్రోగ్రాములో 2,320 ఉంటుంది, అది ఆ ఏటి ధర. మరుసటి ఏడు ఎవరూ కోడు తెరవరు. అదే 48 క్వింటాళ్లకు 3,312 రూపాయలు తక్కువ చూపిస్తుంది, అదీ చాలా ధీమాగా. ఏటా మారే అంకెను డిఫాల్ట్‌గా పెట్టకూడదు. ఇవ్వకపోతే ‘రేటు ఇవ్వలేదు’ అని చెప్పి ఆగిపోవాలి. మారని వాటికి, తరుగు సున్నా లాంటి వాటికి, డిఫాల్ట్ పెట్టొచ్చు. పెట్టినట్టు హెల్ప్‌లో చెప్పాలి.

చతురస్రపు బ్రాకెట్ల గురించి కూడా ఒక మాట. వాడుక వరుసలో [-టి తరుగు] అని రాస్తే ‘ఇది ఇచ్చినా సరే, ఇవ్వకున్నా సరే’ అని మతలబ్. ఇది యూనిక్స్ వాళ్ల పాత రివాజు, అందరికీ తెలుసన్నట్టు రాస్తారు. కొత్తవాళ్లు బ్రాకెట్లతో సహా కొడతారు, నేను కళ్లారా చూశాను. అందుకే కింద ఉదాహరణ ఉండాల్సిందే. వంద వరుసల వివరణ చదవనివాళ్లు కూడా ఉదాహరణ చూసి అంకెలు మార్చి కొడతారు. పెద్దవాళ్లు దరఖాస్తు రాయడం నేర్చుకున్నది కూడా ఇంకొకరి దరఖాస్తు చూసే కదా.

గల్తీ జరిగినప్పుడు ప్రోగ్రాము ఏం చేయాలన్నది వేరే అదబ్. మనిషి అడిగి తెప్పించుకున్న హెల్ప్ మామూలు దారిలో, అంటే స్టాండర్డ్ అవుట్‌పుట్‌లో రావాలి. ప్రోగ్రాము సున్నా చెప్పి, సలామత్‌గా ముగియాలి. తప్పు హుకుం ఇచ్చినప్పుడు వచ్చే మాట ఎర్రర్ దారిలో రావాలి, సున్నా కాని అంకె చెప్పి ముగియాలి. హెల్ప్ మామూలు దారిలో రావాలన్నది గ్నూ వాళ్ల కోడింగ్ ప్రమాణాల్లో రాసే ఉంది. ప్రతి ప్రోగ్రాము --హెల్ప్, --వెర్షన్ రెండింటికీ జవాబివ్వాలని కూడా ఉంది. ఈ తేడా ఎందుకంటారా? మామూ ముప్పై మంది హిసాబ్‌ను ఒక ఫైలులోకి పంపుతున్నాడు అనుకోండి. పదిహేడో రైతు దగ్గర తప్పు పడితే ఆ తప్పు మాట ఫైలులో అంకెల మధ్య కలిసిపోకూడదు, తెర మీద కనపడాలి. ఇంకోటి, చిన్న తప్పుకు మొత్తం హెల్ప్ కాగితం మొహాన కొట్టకూడదు. ‘-టి వెనక అంకె లేదు. పూర్తి వివరాలకు ధాన్యం --హెల్ప్ కొట్టండి’ అని రెండు వాక్యాలు చాలు. ఎల్‌ఎస్ లాంటి పాత ప్రోగ్రాములు చేసేది అదే. అలాంటి వాటిలో -హెచ్ అంటే హెల్ప్ కూడా కాదు, ఫైళ్ల సైజులను మనిషికి అర్థమయ్యేలా చూపమని. అందుకే పూర్తి మాట --హెల్ప్ కూడా ఉండటం మంచిది.

అంకెను అంకెగా చదవడంలో ఇంకో మోసం ఉంది. పుస్తకాల్లో ఏటీఓఐ అనే ఫంక్షన్ నేర్పుతారు. మామూ తొందరలో 120 బదులు 12 కొట్టి వెనక సున్నాకు బదులు ఇంగ్లిష్ ఓ కొడితే అది 12 అని తీసుకుని నిశ్శబ్దంగా సాగుతుంది. మన తెలుగు అంకెల్లో ౧౨౦ అని కొడితే సున్నా అంటుంది. ఎస్‌టీఆర్‌టీఓఎల్ అనే ఇంకో ఫంక్షన్ ఎక్కడి వరకు చదివిందో కూడా చెబుతుంది. మిగిలిపోయిన ముక్క ఏమైనా ఉంటే ‘ఇది అంకె కాదు జనాబ్’ అని ఆపొచ్చు. రూపాయల హిసాబ్‌లో నిశ్శబ్దం కన్నా రోక్-టోక్ నయం.

ఇప్పుడు జుబాన్ సంగతి. ఎల్దుర్తి అమ్మాయితో మాట్లాడితే ఆమె అన్నది: “హెల్ప్ ఇంగ్లిష్‌లోనే రాయాలి కదా అంకుల్, ప్రొఫెషనల్‌గా ఉండదు లేకపోతే.” ఈ మాట మన పిల్లల నోట ఎక్కువ వింటున్నాను. ఎవరి కోసం రాస్తున్నావో వాళ్లకు అర్థం కాని జుబాన్‌లో రాయడం ఏ ప్రొఫెషన్‌లో ఖూబీ అవుతుంది? కచేరీలో ఫార్సీ నడిచిన రోజుల్లో రైతులు తమ భూమి కాగితం చదివించుకోవడానికే మున్షీకి పైసలిచ్చారు. మన ఇంట్లో బిడ్డే కొత్త మున్షీ అవుతానంటే ఎలా?

ఇంకో వైపు ఉత్సాహవంతులూ ఉన్నారు. ఆప్షన్లనే తెలుగులో పెడదామంటారు. దానికి నేను ఒప్పుకోను. గెట్‌ఆప్ట్‌లో పొట్టి ఆప్షను ఒకే బైటు ఉండాలి. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు, కాబట్టి అక్కడ ఇమడదు. పొడుగు ఆప్షన్లలో పెట్టొచ్చు గానీ కంటికి కనపడని జోడు-విడదీత గుర్తులు మధ్యలో దూరితే చూడటానికి ఒకేలా ఉన్న రెండు మాటలు కంప్యూటర్‌కు వేర్వేరు. ఒక ఫోనులో పనిచేసింది ఇంకో ఫోనులో చేయదు. ఆప్షను అక్షరం బస్సు నంబరు లాంటిది, దాన్ని తర్జుమా చేయనక్కరలేదు. బస్సు ఏ ఊళ్ల మీదుగా పోతుందో కండక్టరు మన జుబాన్‌లో అరవాలి. హెల్ప్ ఆ అరుపు.

లిపి దగ్గర రెండు ఇబ్బందులు నిజంగానే ఉన్నాయి, దాచడం ఎందుకు. ప్రింట్‌ఎఫ్‌తో నిలువు వరుసలు కుదురుగా పేర్చాలని ‘ఇరవై గదులు వదులు’ అంటే అది బైట్లు లెక్కపెడుతుంది, అక్షరాలు కాదు. ‘బరువు’ కంటికి మూడక్షరాలు, బైట్లు పదిహేను. అందుకే తెలుగులో పట్టీలు వేస్తే వంకరటింకరగా పోతాయి. దీనికి నేను వాడే చిట్కా పైన చూశారు. ఎడమ వైపు ఇంగ్లిష్ ఆప్షను అక్షరం, కుడి వైపు తెలుగు వివరణ, దాని వెనక ఇంకేమీ పేర్చేది లేదు. తెలుగు చివర ఉంటే ఎంత పొడుగైనా ఎవరినీ తోయదు. రెండోది ఉర్దూది. ఉర్దూ హర్ఫు ఒక్కోటి రెండు బైట్లే, లేకిన్ నడక కుడి నుంచి ఎడమకు. ఎడమ నుంచి కుడికి పోయే ఆప్షనును అదే వరుసలో పెడితే రెండు గీతలు ఎగిరి అవతలి పక్కకు పోతాయి. చదివినవాడు గీతలు మాట వెనక కొడతాడు. చాలా టెర్మినళ్లు హర్ఫులను కలిపి కూడా చూపవు, మాటలు ముక్కలుగా పడి ఉంటాయి. ఉర్దూ లిపిలో హెల్ప్ కావాలంటే ఆప్షను ఒక వరుసలో, వివరణ కింది వరుసలో విడిగా పెట్టడమే నాకు తోచిన దారి.

మన తెలంగాణ ఇళ్లలో మూడో దారి ఇప్పటికే ఉంది. ఇంట్లో దక్కనీ మాట్లాడి, బడిలో తెలుగు చదివిన తరం మనది. వజన్, హిసాబ్, రకం, బాకీ, వసూలు — ఈ లఫ్జులు తెలుగు లిపిలో రాస్తే ఎల్దుర్తి సాయిబులకూ, రెడ్డికీ, ముదిరాజుకూ ఒకేలా అర్థమవుతాయి. పాత కచేరీ నుంచి ఊళ్లోకి దిగిన మాటలవి. హెల్ప్ మెసేజ్‌కు ఇంతకన్నా తయారు జుబాన్ ఏముంది?

ఇక్కడే హైదరాబాద్‌లో ఇదే బహస్ నూరేళ్ల కింద నడిచింది. ఉస్మానియా యూనివర్సిటీలో పై చదువులన్నీ ఉర్దూలో చెప్పాలని తీర్మానించినప్పుడు 1917లో దారుత్తర్జుమా పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ దాన్ని నడిపించారు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంజనీరింగ్, కానూన్ పుస్తకాలు ఉర్దూలోకి వచ్చాయి. ప్రతి కొత్త మాటకు ఇస్తిలాహ్ తయారు చేయడానికి ఆలిములు, ఆ ఇల్మ్ తెలిసిన ప్రొఫెసర్లు ఒకే గదిలో కూర్చుని కొట్లాడుకున్నారు. అరబ్బీ నుంచి తేవాలా, దేశీ మాటల మీద కట్టాలా అని. వహీదుద్దీన్ సలీమ్ 1921లో ‘వజ్-ఎ-ఇస్తిలాహాత్’ అని ఒక పూర్తి కితాబ్ ఇదే సంగతి మీద రాశారు. దేశీ మాటలతో కట్టడంలో నామోషీ లేదన్నది ఆయన పక్షం. నేను ఆయన పార్టీయే. 1948 తర్వాత ఉస్మానియాలో ఉర్దూ మీడియం పోయింది. లేకిన్ ఆ కోరిక పోలేదు. 1998లో వచ్చిన మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ పాలిటెక్నిక్‌లో ఇవాళ కంప్యూటర్ డిప్లొమా ఉర్దూలోనే చెబుతున్నారు. 2017లో మన శాసనసభ రాష్ట్రమంతటా ఉర్దూను రెండో అధికార భాష చేసింది. బోర్డుల మీద కనపడుతోంది, సంతోషం. పిల్లలు రాసే ప్రోగ్రాములో మాత్రం ఒక్క వరుస లేదు.

తెలుగు తర్జుమాలోనూ అదే బహస్. స్వేచ్ఛ లాంటి సంస్థల వాలంటీర్లు తెలుగులో కంప్యూటర్ మెనూలు తెచ్చారు, వాళ్ల మెహనత్‌కు సలాం. అయినా ఆప్షన్‌కు ‘ఐచ్ఛికం’ అనీ డిఫాల్ట్‌కు ‘అప్రమేయం’ అనీ చదివితే తెలుగు డిగ్రీ ఉన్న నేనే ఒక క్షణం ఆగుతాను. ‘అప్రమేయ విలువ: సున్నా’ కన్నా ‘ఇవ్వకపోతే సున్నా అనుకుంటుంది’ నాలుగు అక్షరాలు ఎక్కువైనా మామూకు ఆ ఆగడం ఉండదు. లఫ్జు దొరకనప్పుడు వాక్యం రాయండి. హెల్ప్ మెసేజ్‌లో జాగా కొరత లేదు.

రెండు జుబాన్లూ కావాలంటే అందుకు యంత్రాంగం కూడా తయారుగా ఉంది. 1995 నుంచి గ్నూ గెట్‌టెక్స్ట్ ఉంది. ప్రోగ్రాములో మనిషికి కనపడే ప్రతి వాక్యాన్నీ ఒక చిన్న చుట్టలో పెడితే, వాటన్నిటినీ ఏరి ఒక మామూలు ఫైలులో ఇస్తుంది. పైన అసలు వాక్యం, కింద ఖాళీ. ఆ ఖాళీలో తెలుగు ఒకరు రాయొచ్చు, ఉర్దూ ఇంకొకరు. కంప్యూటర్‌లో ఏ జుబాన్ పెట్టుకుంటే ఆ ఫైలు పలుకుతుంది. ఆ ఫైలు నింపడానికి సి రానక్కరలేదు. అమ్మాయి కోడు రాస్తే అమ్మీ తర్జుమా చేయొచ్చు. ఉర్దూ మీడియంలో చదివి ఇంట్లో కూర్చున్న ఖాలాలు, ఆపాలు మన బిరాదరీలో ఎంతమంది లేరు? వాళ్ల ఇల్మ్‌కు ఇంతవరకూ ఎవరూ పని చెప్పలేదు.

‘ఇంకా ఈ నల్ల తెర ఎవరు చూస్తారు భాయ్, అంతా యాప్ కదా’ అని అడిగేవాళ్లున్నారు. యాప్ వెనక సర్వర్లో నడిచేదంతా నల్ల తెరే. ఉద్యోగంలో చేరిన మొదటి వారం మన పిల్లవాడి ముందు పెట్టేది అదే. ఇప్పుడు కోడు ఏఐ రాసిస్తోందని ఇంకొందరంటారు. రాసిస్తుంది, గెట్‌ఆప్ట్‌తో సహా. తరుగు బస్తాకా, మొత్తానికా అన్నది దానికి ఎవరు చెప్పాలి? ఎల్దుర్తి కాంటా దగ్గర నిలబడిన ఇంటి పిల్లే చెప్పాలి.

ల్యాప్‌టాప్ లేని ఇళ్ల పిల్లలకు ఒక ఖబర్. ఆండ్రాయిడ్ ఫోనులో టెర్మక్స్ అనే యాప్ పెట్టుకుంటే సి కంపైలరు అందులోనే దొరుకుతుంది, గెట్‌ఆప్ట్ ఉంటుంది. అయితే అక్కడ ఒక గుంట ఉంది. గెట్‌ఆప్ట్ ఇచ్చే జవాబును ‘ఇంట్’లో పెట్టుకోవాలి. చాలామంది అక్షరమే కదా అని ‘క్యార్’లో పెడతారు. ల్యాబులోని ఇంటెల్ కంప్యూటర్లో అది నడిచిపోతుంది. ఫోనులో ఉండే ఆర్మ్ చిప్పుల మీద క్యార్‌కు మైనస్ అంకెలు ఉండవు, కాబట్టి ‘అయిపోయింది’ అని చెప్పే మైనస్ ఒకటి 255గా మారిపోతుంది, లూపు దాన్ని గుర్తు పట్టదు. ప్రోగ్రాము అక్కడే తిరుగుతూ ఉంటుంది, పిల్లవాడు ఫోను పాడైందనుకుంటాడు. ఇంకోటి, వాట్సాప్‌లో వచ్చిన కమాండును కాపీ చేసేటప్పుడు రెండు చిన్న గీతలు కలిసి ఒక పొడుగు గీత అయిపోయి ఉండొచ్చు. వర్డ్‌లో టైపు చేసినా, కొన్ని ఫోను కీబోర్డుల్లోనూ అలా అవుతుంది. గెట్‌ఆప్ట్‌కు అది ఆప్షనే కాదు, ఏదో ఫైలు పేరు. గీతలు తుడిచి చేత్తో మళ్లీ కొట్టాలి.

వాలిదైన్‌కు సి రాకపోయినా ఒకటి చేయగలరు. బిడ్డ ఫైనలియర్ ప్రాజెక్టు అయిపోయిందని, మార్కులు వచ్చాయని చెప్పినప్పుడు, దాన్ని తెరిచి పేరు పక్కన --హెల్ప్ కొట్టి చూపించమనండి. వచ్చింది మీరే చదవండి, పక్కనుంచి బిడ్డను చెప్పనివ్వకండి. చదివాక మీ అంతట మీరు ఒకసారి నడపగలిగితే ఆ ప్రాజెక్టు బిడ్డే రాసింది, అందులో మీకోసం కూడా కొంచెం రాసింది. నగరంలో ఆరేడు వేలకు కొనుక్కొచ్చినదైతే చాలాసార్లు ‘ఎంటర్ ఎన్’ దగ్గరే ఆగుతుంది, ఎన్ అంటే ఏమిటని అడిగితే బిడ్డ కూడా కోడులో వెతుకుతుంది.

ఎల్దుర్తి అమ్మాయి దసరా సెలవుల్లో హెల్ప్ రాసింది. తరుగు దగ్గర ‘ఒక్కో బస్తాకు’ అని పెట్టింది. మామూ చదివి, తడిసిన వడ్లకు వేరే తరుగు ఉంటుంది, తేమ 17 శాతం దాటితే కేంద్రంలో తీసుకోరు, దానికి ఏ అక్షరం పెడతావని అడిగాడు. టి అయిపోయింది కాబట్టి ఎం పెడదామా, ఎన్ పెడదామా అని ఇద్దరూ ఇంకా తేల్చుకోలేదు.